పియానో టీచరు కావలెను

టీచర్ని వెతికే ముందు వాయిద్యం కొనేయాలి. దీన్ని చాలామంది తలకిందులుగా చెబుతారు. ముందు టీచర్ని కలవండి, ఆయన్ని అడిగి కొనండి అంటారు. డ్రైవర్ని అడిగి కారు కొంటామా?

మేం మా అమ్మాయి ఎనిమిదో పుట్టినరోజుకి కొన్నాం. కొట్టతను రెండు చూపించాడు. ఒకటి 88 మెట్లున్న డిజిటల్ పియానో. వేలు వేస్తే మెట్టు బరువుగా దిగుతుంది, పిల్లలు అలిసిపోరూ? రెండోది 61 మెట్ల కీబోర్డు. ఎలా నొక్కినా ఒకటే చప్పుడు, ఏ తేడా లేదు. దాంట్లో వందల రకాల మోతలున్నాయి, కుక్క అరుపుతో సహా. మనిషికున్నవి పది వేళ్ళు. పది వేళ్ళకి అరవయ్యొక్క మెట్లే ఎక్కువ, ఇంకో ఇరవయ్యేడు ఏం చేసుకుంటాం?

ఆ కొట్టతను కాస్త చదువుకున్నవాడు, అదే చిక్కు. పియానో పూర్తి పేరు పియానోఫోర్తే అనీ, ఇటాలియన్‌లో మెల్లగా, గట్టిగా అని అర్థమనీ మొదలుపెట్టాడు. అంతకు ముందున్న వాయిద్యంలో మెట్టు నొక్కితే తీగని గిల్లేదట, ఎంత బలంగా నొక్కినా ఒకే మోత. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి అనే ఆయన గిల్లడం మాన్పించి చిన్న సుత్తితో కొట్టే ఏర్పాటు చేశాడట. అప్పట్నించీ వేలు మెల్లగా వేస్తే మెల్లగా, గట్టిగా వేస్తే గట్టిగా పలుకుతుందట. అంతా విన్నాను. మూడొందల ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడు వాల్యూమ్ బటనుంది కదా అన్నాను. అతను ఇంకేం మాట్లాడకుండా బిల్లు రాశాడు.

అసలు పియానోనే కొనగల స్తోమత మీకుంటే దాన్ని ఏసీ కిందో, ఎండ పడే కిటికీ పక్కనో పెట్టండి. వైజాగులో మా బావమరిది సముద్రం వైపు బాల్కనీ తలుపు దగ్గర పెట్టాడు, గాలి బాగా తగులుతుందని. రెండు వానాకాలాలు వెళ్ళేసరికి కొన్ని మెట్లు నొక్కితే దిగి, మళ్ళీ పైకి రావడం మానేశాయి. వాటిని వదిలేసి మిగతావి వాయించుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు ట్యూనర్ని పిలిపించి శ్రుతి చేయించాలంటారు గానీ అది దండగ. "వీణ ఎత్తినప్పుడల్లా శ్రుతి చూసుకుంటాం కదరా" అంది మా అమ్మ. వీణకి ఏడు తీగలు, ఒకటి తప్పితే తెలిసిపోతుంది. పియానోలో రెండొందల పైచిలుకు తీగలు. అంత మందిలో నలుగురు గాడి తప్పితే ఎవరు పట్టుకుంటారు?

సరే, టీచరు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజీ పెట్టండి చాలు. వచ్చిన నంబర్లన్నిటికీ ఫోన్ చేసి మొదటి ప్రశ్నగా ఎంత తీసుకుంటారని అడగాలి, రెండో ప్రశ్నగా ఎక్కడుంటారని. ఈ రెండూ కుదిరితే మూడో ప్రశ్న అక్కర్లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎంత వయసు పిల్లలకి చెప్పారు, మీ పాత విద్యార్థుల ఇళ్ళవాళ్ళతో ఓసారి మాట్లాడొచ్చా అని ఆరాలు తీయడం మర్యాద కాదు. "మీరొకసారి వాయించి వినిపించండి" అని అడగడం మరీ అన్యాయం. వంటమనిషిని పెట్టుకునే ముందు ఓ పూట వండించుకుని తింటాం, నిజమే. కానీ అది భోజనం.

మా మొదటి సారు ఈ పద్ధతిలోనే దొరికాడు. వచ్చిన రోజే మెట్ల మీద అంకెల స్టిక్కర్లు అంటించాడు. కాగితం మీద అంకెలు రాసిచ్చాడు, అమ్మాయి చూసి నొక్కింది. మూడు వారాలు తిరక్కుండా సినిమా పాట! కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. మా ఇంటికొచ్చిన చుట్టాలెవరూ ఆ పాట వినకుండా కాఫీ తాగి ఎరగరు. పాత సినిమాల్లో పుట్టినరోజు పార్టీ అనగానే హీరో పియానో ముందు కూర్చుని, మెట్ల వంక చూడకుండా హీరోయిన్ వంక చూస్తూ పాట అందుకుంటాడు చూశారూ, దాదాపు ఆ స్థాయి. నాలుగో నెలలో పనమ్మాయి తడిగుడ్డ పెట్టి కీబోర్డు తుడిచింది. స్టిక్కర్లు పోయాయి. వాటితోపాటే పాటా పోయింది. కొత్త స్టిక్కర్లు అంటిద్దామన్నాడు సారు. నేనాయన్ని తప్పుపట్టను, తప్పంతా తడిగుడ్డది.

ఇంటికొచ్చి చెప్పే టీచర్తో ఎలా మెలగాలో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇందులో నాకు అనుభవం ఎక్కువ. మా సారు ఉప్పల్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, కేపీహెచ్‌బీలో దిగి, నడిచి వచ్చేవాడు. క్లాసు రద్దు చేయాలంటే ఆయన అమీర్‌పేటలో మారేదాకా ఆగి ఫోన్ చేయాలి. ముందే చెబితే ఆ టైము ఇంకెవరికో ఇచ్చేస్తాడు. రద్దైన క్లాసుకి డబ్బు కోసుకోవాలి. అమ్మాయికి జ్వరమొచ్చినా, మన చుట్టాలొచ్చినా, ఆయన ఊరెళ్ళినా ఒకటే లెక్క. అరగంట క్లాసంటే ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన నిమిషం నుంచి అరగంట. మంచినీళ్ళు, కాఫీ, ఎండల గురించి మాటలు అందులోవే. నెల జీతం ఒకటో తారీకున ఇచ్చేస్తే అలుసైపోతాం. పదో తారీకు దాటాక, ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాక ఇవ్వండి.

క్లాసు జరిగేది హాల్లోనే జరగాలి, టీవీ పక్కన. సంగీతం నలుగురిలో అబ్బాలి. మా ఇంట్లో ఒకపక్క కుక్కరు మూడో కూత పెడుతుంటే, ఇంకోపక్క సీరియల్లో అత్తగారు కోడలికి విషం కలుపుతుంటే, మధ్యలో అమ్మాయి వాయించేది. సారు "ఒన్, టూ, త్రీ, ఫోర్" అని లెక్కపెడుతూ ఉంటే "అది ఆదితాళమే కదండీ, వేళ్ళమీద లెక్కపెట్టుకోమనండి" అని మా అమ్మ సోఫాలోంచి అందుకునేది.

మా అమ్మ చిన్నప్పుడు విజయనగరంలో వర్ణాల దాకా నేర్చుకుంది. సారు సి మేజర్ స్కేలు చెప్పినరోజు ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఓస్, శంకరాభరణం!" అంది. ఆ మాటకొస్తే నిజమే. మేళకర్తల్లో ఇరవైతొమ్మిదోది, స్వరస్థానాలు అవే. దాంతో ఆవిడకి ధైర్యమొచ్చి, "ఇంకేం, వచ్చేవారం తోడి చెప్పండి" అంది. ఒక స్థాయిలో పన్నెండే మెట్లని, ఒక మెట్టుకీ దాని పక్క మెట్టుకీ మధ్య ఏమీ ఉండదని, గాంధారాన్ని ఊపాలంటే ఊపడానికి తీగ చేతికి అందదని సారు చెప్పబోయాడు. "అయితే మధ్యలో నొక్కమనండి" అంది అమ్మ. అమ్మాయి బుద్ధిగా రెండు మెట్ల మధ్య సందులో వేలు పెట్టింది. రెండూ ఒకేసారి మోగాయి. నా సలహా ఏమిటంటే, ఇలాంటప్పుడు టీచర్ని సమర్థించకూడదు. పెద్దవాళ్ళు బాధపడతారు. సారైతే బాధపడ్డా ఉప్పల్ వెళ్ళిపోతాడు.

సాధన సంగతి. కొందరు టీచర్లు రోజూ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి అంటారు. ఆ పని మనమే చేయగలిగితే వాళ్ళకి జీతం ఎందుకు? వారానికి రెండు క్లాసులు, మిగతా అయిదు రోజులు మూత వేసి పైన గుడ్డ కప్పాలి. గుడ్డ మీద పెళ్ళి ఆల్బమూ, వైఫై రౌటరూ పెట్టుకోవచ్చు. సాధనకి బదులు పొద్దున పాలు తాగేటప్పుడు లిడియన్ నాదస్వరం వీడియో చూపించండి. మద్రాసు కుర్రాడు, 2019లో అమెరికా టీవీ పోటీలో పది లక్షల డాలర్లు గెలిచాడు. అప్పటికి పదమూడేళ్ళు. రెండు పియానోలు పక్కపక్కన పెట్టుకుని రెండు చేతులతో రెండూ వాయిస్తాడు. "చూశావా, నీకు ఒకటే" అని అనాలి. పిల్ల పాలగ్లాసు పక్కన పెట్టేసి స్కూలుకెళ్ళిపోతుంది. ప్రేరణ వచ్చినట్టే.

ఏడాది తిరిగాక సారు ఫోన్ ఎత్తడం మానేశాడు. మనుషుల్లో నిలకడ లేదు.

అప్పుడు స్టూడియోకి మారాం. స్టూడియోకి వెళ్ళేవాళ్ళకి నా సలహా, కింద బిర్యానీ హోటలున్న కాంప్లెక్సు చూసుకోండి. క్లాసు అయ్యేదాకా కాలక్షేపం. మేం చేరిన చోట గాజు తలుపులు, రంగు లైట్లు, గోడనిండా ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు. ఎనిమిదిమంది పిల్లలు వరసగా ఎనిమిది కీబోర్డుల ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. ఎవరి మోత వాళ్ళకే. బయటికి మెట్ల టకటక తప్ప ఏమీ వినపడదు, పాతకాలం టైపు ఇన్‌స్టిట్యూట్‌లాగా. కుర్రాడొకడు వెనక తిరుగుతూ ఒక్కొక్కరి హెడ్‌ఫోను తీసి, నాలుగు సెకన్లు విని, "గుడ్" అని మళ్ళీ పెట్టేస్తాడు. గంటలో ఎనిమిదిమందికి ఎనిమిది గుడ్లు. అసలు పియానో ఏదండీ అని ఒకావిడ అడిగింది. లోగోలో ఉంది కదా అన్నాడు ఓనరు.

ఫీజు దగ్గర మాత్రం నేను తగ్గలేదు. బేరమాడాలంటే చరిత్ర తెలియాలి. చెర్నీ అని వియన్నాలో పెద్ద గురువు, బీతోవెన్ శిష్యుడు. ఇప్పటికీ పిల్లలు ఆయన రాసిన అభ్యాసాలే వాయిస్తారు. ఒకసారి ఆయన దగ్గరికి హంగరీ నుంచి లిస్ట్ అనే పిల్లాణ్ణి తీసుకొచ్చారు. చెర్నీ వాణ్ణి వాయించమన్నాడు, విన్నాడు, పైసా తీసుకోకుండా పాఠాలు చెప్పాడు. ఈ సంగతి ఓనరుకి వివరంగా చెప్పి, "మరి మీరో?" అన్నాను. ఆయన అడ్మిషన్ ఫారం నా వైపు జరిపి జీఎస్టీ అదనం అన్నాడు.

తండ్రులకి ఇంకో ఉదాహరణ పియానో విద్వాంసురాలు క్లారా షూమన్. ఆవిడకి తండ్రి వీక్ గారే గురువు. పాఠం, సాధన, కచేరీ, రాబడి లెక్క అన్నీ ఆయన చేతిలోనే. తొమ్మిదేళ్ళకి వేదికెక్కించాడు. ఆ భాగం వరకు అనుసరించండి. తర్వాత కూతురు ప్రేమించిన షూమన్‌ని ఆయన ఒప్పుకోకపోతే, వాళ్ళు కోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకుని 1840లో పెళ్ళి చేసుకున్నారు. అది మనకి అప్రస్తుతం.

స్టూడియో ముఖ్యోద్దేశం గ్రేడు పరీక్ష. లండన్ నుంచి వచ్చే పరీక్షలు రెండు మన ఊళ్ళో బాగా నడుస్తాయి, ట్రినిటీ అనీ, ఏబీఆర్ఎస్ఎం అనీ. రెండోదాని ప్రాక్టికల్ లెక్క నేను ఒక సాయంత్రం కూర్చుని విప్పాను. మూడు పీసులకి తలా 30, వెరసి 90. స్కేల్సుకి 21. ఎన్నడూ చూడని కాగితం ముందు పెట్టి అప్పటికప్పుడు వాయించమంటారు, దానికి 21. చెవికి పరీక్ష, విని చెప్పడం, 18. మొత్తం 150. పాసు మార్కు 100. అంటే ఏమైంది? మూడు పాటలు నూరిపోస్తే 90 దగ్గర ఉంటాం. కాగితం చదవడం, చెవితో వినడం వగైరా తలనొప్పులన్నీ కలిపి ఎలాగో పది రాలకపోవు. కాబట్టి ఏడాదికి మూడే పాటలు చెప్పే టీచర్ని వెతకండి. ఎనిమిది గ్రేడ్లకి ఇరవైనాలుగు పాటలు. ఆరో గ్రేడు రాయాలంటే ముందు అయిదో గ్రేడు థియరీ గానీ, దానికి బదులు ఒప్పుకునే పరీక్ష గానీ పాసవ్వాలన్న మెలిక ఒకటుంది గానీ, అయిదు దాకా వెళ్ళాక చూసుకుందాం. మా తోడల్లుడి కొడుకు ఇలాగే గ్రేడ్లమీద గ్రేడ్లు ఎక్కాడు. మొన్న వాళ్ళ చెల్లెలి కేకు కోసేటప్పుడు హ్యాపీ బర్త్‌డే వాయించరా అంటే సిలబస్‌లో లేదన్నాడు.

గోడమీద సర్టిఫికెట్లు లేని చోటికి మాత్రం వెళ్ళకండి. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారని ఉండేవారు. ఇళయరాజా, తర్వాత రెహమాన్ పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నది ఆయన దగ్గరే. మైలాపూరులో ఒక లాడ్జి గదిలో ఉండేవారట. లాడ్జి గది! పార్కింగ్ ఎక్కడ, రిసెప్షన్ ఎక్కడ?

ఇలాంటి పొరపాటే నేనూ ఒకసారి చేయబోయాను. ఎట్టి పరిస్థితుల్లోనూ మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒకాయన చర్చిలో పాటలు పాడతాడు. ఆయన చెబితే ఓ శనివారం అమ్మాయిని తీసుకుని మెట్టుగూడ వెళ్ళాను. రైల్వే క్వార్టర్లు దాటాక సందులో పాత పెంకుటిల్లు. బోర్డు లేదు. డెబ్బై దాటిన ఆంగ్లో ఇండియన్ ఆవిడ తలుపు తీసింది. తీసిన తలుపు మళ్ళీ వేయలేదు. "క్లాసు టైములో ఇది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మీరు ఆ కుర్చీలో కూర్చోండి, ఎన్ని రోజులైనా కూర్చోవచ్చు, కానీ మాట్లాడకూడదు" అంది నాతో. మాట్లాడకూడదట, తండ్రిని.

పియానో గోడకి ఆనించి ఉండే రకం. ముందు రెండు ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు. తెల్ల మెట్లు పసుపు తిరిగిపోయాయి. లోపల్నుంచి వెలుతురు వస్తోంది. ఏమిటా అని వంగి చూస్తే పెట్టె అడుగున చిన్న బల్బు వెలుగుతోంది. వానాకాలం కదా, చెమ్మ పట్టకుండా అంది. పక్కనే వేపాకు మూట, పురుగులు ఫెల్టు కొట్టకుండా. పట్టపగలు పియానోలో లైటు వేసేవాళ్ళు కరెంటు బిల్లు ఎలా కడతారో!

ఇక పాఠం చూడండి. పది నిమిషాలు అసలు కూర్చోబెట్టలేదు. గదిలో నడవమంది, తను చప్పట్లు కొడుతుంటే అడుగులు వేయమంది. వేగం పెంచింది, తగ్గించింది. తర్వాత స్టూలు మీద పాత టెలిఫోన్ డైరెక్టరీ వేసి కూర్చోబెట్టి, మోచేతులు మెట్ల ఎత్తుకి వచ్చాయో లేదో చూసి, డైరెక్టరీ తీసి ఇంకోటి, కాస్త పల్చటిది వేసింది. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే కింద పీట పెట్టింది. గోళ్ళు చూసి "వచ్చేసారి కత్తిరించుకుని రా బేటా" అంది. నెయిల్ పాలిష్‌కి ఎంతైందో నాకు తెలుసు.

తర్వాత పియానో పై పలక ఎత్తి సుత్తులు చూపించింది. ఒక మెట్టు నొక్కి చూడమంది. మెల్లగా, ఇంకా మెల్లగా అంది. మా అమ్మాయి ఎంత మెల్లగా నొక్కిందంటే సుత్తి లేచింది, తీగ దాకా వెళ్ళింది, తాకకుండానే వెనక్కొచ్చేసింది. చప్పుడు లేదు. అమ్మాయి కిసుక్కున నవ్వింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నవ్వింది. అయిదారుసార్లు ఇదే వరస. చప్పుడు రాకుండా ఎలా వాయించాలో నేర్పడానికి పియానో ఎందుకండీ?

ఆ తర్వాత నల్ల మెట్లు. రెండేసి ఎక్కడెక్కడున్నాయో వెతకమంది. ఏడు జట్లు. మూడేసి ఎక్కడున్నాయో చూడమంది. అవీ ఏడు. అమ్మాయి ఎడమ చివరికి వెళ్ళి ఆగిపోయింది. "ఆంటీ, ఇక్కడ ఒకటి ఒంటరిగా ఉంది" అంది. ఆవిడ నవ్వి, "దాన్ని చాలామంది చూడరు. నేనూ చిన్నప్పుడు ఆలస్యంగా చూశాను. వాయించు" అంది. వాయించింది. దూరంగా గూడ్సు బండి వెళ్తున్నట్టు ఎక్కడో కిందినుంచి మోగింది. అమ్మాయి చెంప పియానో చెక్కకి ఆనించి అది పూర్తిగా ఆగిపోయేదాకా వింది. నేను టైము చూసుకున్నాను. నలభై నిమిషాలైంది, ఇంకా ఒక్క పాట లేదు.

గ్రేడు ఎప్పుడు రాయిస్తారని అడిగాను. "చూద్దాం. ముందు వినడం రానీ" అంది. ఎనిమిదో గ్రేడుకి ఎన్నేళ్ళు అన్నాను. ఇంట్లో ఏం పాటలు వింటుంది అని నన్నే తిరిగి అడిగింది. అమ్మాయి వాయించమంటే ఏదో వాయించింది, రెండు నిమిషాలు. బాగానే ఉంది, పేరు అడగలేదు. చివర్లో అమ్మాయి వైపు తిరిగి, "నీకు మళ్ళీ రావాలనుందా?" అంది. జీతమిచ్చేది నేనైతే పిల్లనడగడమేమిటి? మొదటి క్లాసుకి డబ్బు తీసుకోలేదు కూడా. ఉచితంగా చెప్పే చదువులో ఏం సారం ఉంటుంది?

పైగా దూరం. ఉప్పల్ సారు వారానికి రెండుసార్లు దాటుకుంటూ వచ్చిన స్టేషనే మెట్టుగూడ. ఆయనంటే రావచ్చు, మనం అంత దూరం వెళ్తామా?

ఆ రాత్రి ఆల్బమూ, రౌటరూ దించి, గుడ్డ తీసి అమ్మాయి కీబోర్డు ముందు కూర్చుంది. స్విచ్ వేయలేదు. కుడివైపు నుంచి నల్ల మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎడమ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టింది.

"నాన్నా, దీంట్లో ఆ ఒంటరిది లేదు" అంది.

వారంటీ ఇంకా రెండు నెలలుంది, పొద్దున్నే కొట్టుకి ఫోన్ చేస్తానన్నాను.